ప్రభుత్వ ఖర్చుతో విదేశాల్లో చదువు, బోధన, పరిశోధన: శ్రీకాకుళం, విజయనగరం అభ్యర్థులకు దరఖాస్తు మార్గదర్శి

విదేశాల్లో చదవాలంటే పొలం అమ్ముకోవాలి, లేదంటే ఇల్లు బ్యాంకుకు తాకట్టు పెట్టాలి అన్న అభిప్రాయం మన రెండు జిల్లాల్లో ఇంటింటా నాటుకుపోయింది. కన్సల్టెన్సీ గడప తొక్కిన కుటుంబానికి అక్కడ విద్యా రుణం గురించి చెబుతారే తప్ప, ప్రభుత్వాలే డబ్బు పెట్టి పంపించే ఫెలోషిప్‌ల గురించి చెప్పరు, ఎందుకంటే వాటిలో ఎవరికీ కమీషన్ రాదు. భారత ప్రభుత్వం, అమెరికా, బ్రిటన్, జర్మనీ, జపాన్ ప్రభుత్వాలు, ఐరోపా సమాఖ్య ఏటా ఇచ్చే ఈ సహాయాలలో ఫీజు, విమాన ఛార్జీ, నెలవారీ ఖర్చు, ఆరోగ్య బీమా చాలావరకు కలిసే ఉంటాయి. నేను ఇక్కడి డిగ్రీ కళాశాలలో పాఠాలు చెబుతూ, ఒకసారి తిరస్కరణ చూసి, రెండోసారి ఎంపికై వెళ్లివచ్చినవాణ్ని. ఆ తరువాత నా దగ్గరకు వచ్చిన విద్యార్థుల దరఖాస్తులు చదువుతూ గమనించింది ఒక్కటే: మనవాళ్లు ఓడిపోతున్నది తెలివి చాలక కాదు, ఆలస్యంగా మొదలుపెట్టడం వల్ల, సొంత ఊరి విషయాన్ని వదిలి ఎవరో రాసిన మాటలు రాయడం వల్ల. అందుకే ఈ రెండింటి దగ్గర ఎక్కువసేపు ఆగి, మిగిలినవి అవసరమైనంత మేరకే చెబుతాను.

మొదటి అడుగు: మీకు సరిపడే పథకం ఏదో తేల్చుకోవడం

మాస్టర్స్ డిగ్రీ చేయాలనుకునేవారు ముందుగా తమ ఉద్యోగానుభవం లెక్కపెట్టుకోవాలి. బ్రిటన్ ప్రభుత్వం 1983 నుంచి ఇస్తున్న చీవ్‌నింగ్ స్కాలర్‌షిప్‌కు రెండేళ్ల అనుభవం, అంటే 2,800 గంటల పని చూపించాలి. ఏడాది మాస్టర్స్ పూర్తయ్యాక స్వదేశానికి తిరిగివచ్చి రెండేళ్లు ఉండాలి. అమెరికాకు వెళ్లే ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్ ఫెలోషిప్‌కు కనీసం మూడేళ్ల వేతన ఉద్యోగం, డిగ్రీలో 55 శాతం మార్కులు కావాలి. ఇక్కడ మన విద్యార్థులు చాలామంది గమనించని నిబంధన ఒకటుంది. ఆ ఫెలోషిప్ నాలుగేళ్ల డిగ్రీని ప్రమాణంగా తీసుకుంటుంది కాబట్టి, మూడేళ్ల బీఏ, బీకాం, బీఎస్సీ చదివినవారు దానిపైన పీజీ గానీ పూర్తికాలపు పీజీ డిప్లొమా గానీ చేసి ఉండాలి. జర్మనీ సంస్థ డాడ్ నడిపే అభివృద్ధి సంబంధిత పీజీ కోర్సులకు కూడా రెండేళ్ల అనుభవం తప్పనిసరి, పైగా చివరి డిగ్రీ పూర్తయి ఆరేళ్లు దాటకూడదు. ఉద్యోగానుభవం లేకుండా నేరుగా వెళ్లదలచినవారికి ఐరోపా సమాఖ్య నిధులతో నడిచే ఎరాస్మస్ ముండుస్ జాయింట్ మాస్టర్స్ మంచి దారి. ఇందులో కనీసం రెండు దేశాల్లో చదవాలి, నెలకు 1,400 యూరోలు ఇస్తారు. ఫ్రాన్స్ వారి ఐఫెల్ స్కాలర్‌షిప్‌కు మాత్రం మనంతట మనం దరఖాస్తు చేయలేము, అక్కడి విద్యాసంస్థే మన పేరు పంపించాలి.

పీహెచ్‌డీ చేస్తున్నవారికి ఫుల్‌బ్రైట్-నెహ్రూ డాక్టోరల్ రీసెర్చ్ ఫెలోషిప్ ఉంది. మన విశ్వవిద్యాలయంలోనే రిజిస్ట్రేషన్ కొనసాగిస్తూ, ఆరు నుంచి తొమ్మిది నెలలు అమెరికాలోని ప్రయోగశాలలోనో గ్రంథాలయంలోనో పనిచేసి రావచ్చు. ఎచ్చెర్లలోని డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయంలో గానీ, విజయనగరంలోని జేఎన్‌టీయూ గురజాడలో గానీ, కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయంలో గానీ నమోదైన పరిశోధకులకు ఇది అందరానిది కాదు. జపాన్ ప్రభుత్వం 1954లో మొదలుపెట్టిన మెక్స్ట్ స్కాలర్‌షిప్ 35 ఏళ్లలోపు వారికి పరిశోధక విద్యార్థిగా చేరే అవకాశం ఇస్తుంది. స్విట్జర్లాండ్ ప్రభుత్వ ఎక్సలెన్స్ స్కాలర్‌షిప్ కోరేవారు అక్కడి ప్రొఫెసర్ అంగీకార లేఖ చేతిలో పెట్టుకుని దరఖాస్తు మొదలుపెట్టాలి.

బోధనా రంగంలో ఉన్నవారిని మన ప్రాంతంలో ఎవరూ ఈ దిశగా ప్రోత్సహించరు, అది నాకు బాధ కలిగించే విషయం. పీహెచ్‌డీ పూర్తయిన అధ్యాపకులు ఫుల్‌బ్రైట్-నెహ్రూ అకడమిక్ అండ్ ప్రొఫెషనల్ ఎక్సలెన్స్ ఫెలోషిప్‌పై అమెరికా విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పవచ్చు, పరిశోధన చేయవచ్చు, రెండూ కలిపి కూడా చేయవచ్చు. ఉన్నత పాఠశాల ఉపాధ్యాయులకు ఆరు వారాల ఫుల్‌బ్రైట్ టీచింగ్ ఎక్సలెన్స్ అండ్ అచీవ్‌మెంట్ కార్యక్రమం ఉంది. 21 నుంచి 29 ఏళ్ల మధ్య వయసున్న ఇంగ్లీషు ఉపాధ్యాయులు ఫారిన్ లాంగ్వేజ్ టీచింగ్ అసిస్టెంట్‌గా తొమ్మిది నెలలు వెళ్లి మన దేశ భాష నేర్పవచ్చు; ఏయే భాషలకు ఆ ఏడు అవకాశం ఉందో ప్రకటనలో చూడాలి. జపాన్ మెక్స్ట్‌లో కూడా ఐదేళ్ల సర్వీసు ఉన్న పాఠశాల ఉపాధ్యాయులకు ఏడాదిన్నర శిక్షణ విభాగం వేరుగా ఉంది.

ఇక మన ప్రభుత్వమే ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ గురించి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీనికి అర్హులైన కుటుంబాలు మన రెండు జిల్లాల్లో ఊరూరా ఉన్నాయి. సామాజిక న్యాయ, సాధికారత మంత్రిత్వ శాఖ నడిపే ఈ పథకంలో ఏటా 125 స్థానాలు ఉంటాయి. వాటిలో 115 షెడ్యూల్డ్ కులాలకు, 6 విముక్త, సంచార, అర్ధ సంచార తెగలకు, 4 భూమిలేని వ్యవసాయ కూలీల, సంప్రదాయ చేతివృత్తుల కుటుంబాలకు కేటాయించారు. మొత్తంలో 30 శాతం మహిళలకు. కుటుంబ వార్షికాదాయం 8 లక్షల రూపాయలు దాటకూడదు, వయసు 35 ఏళ్లలోపు ఉండాలి, అర్హతగా చూపే డిగ్రీలో 60 శాతం మార్కులు రావాలి. అన్నిటికంటే ముఖ్యం, ప్రపంచ విశ్వవిద్యాలయాలకు ఇచ్చే క్యూఎస్ ర్యాంకుల్లో మొదటి 500లో ఉన్న విదేశీ విశ్వవిద్యాలయం నుంచి షరతులు లేని ప్రవేశ పత్రం ముందే చేతిలో ఉండాలి. షెడ్యూల్డ్ తెగలకు గిరిజన వ్యవహారాల మంత్రిత్వ శాఖ విడిగా ఏటా 20 స్థానాలు ఇస్తుంది. 17 సాధారణంగా, 3 ప్రత్యేకంగా బలహీన గిరిజన సమూహాలకు. కొండ సవరలు ఆ సమూహాల జాబితాలో ఉన్నారు. సీతంపేట, పార్వతీపురం ఐటీడీఏల పరిధిలో డిగ్రీ, పీజీ పూర్తిచేసిన పిల్లలకు ఈ మూడు స్థానాల సంగతి చెప్పేవారు ఉండాలి. అక్కడ పనిచేసే ఉపాధ్యాయులకు నా మనవి అదే.

రాష్ట్ర ప్రభుత్వ విదేశీ విద్యా పథకం పేరు, ర్యాంకుల నిబంధన, ఆదాయ పరిమితి ప్రభుత్వాలతోపాటు పలుమార్లు మారాయి. కాబట్టి పక్కింటివారు మూడేళ్ల కిందట పొందినదాన్ని ఆధారం చేసుకోకుండా, దరఖాస్తు చేసే ఏడు అమలులో ఉన్న జీవోను జిల్లా సాంఘిక సంక్షేమ శాఖ కార్యాలయంలో చూసి నిర్ణయించుకోవాలి. పైన చెప్పిన అంకెలను కూడా ఆ ఏటి ప్రకటనతో ఒకసారి సరిచూసుకోవడం మంచి అలవాటు.

రెండో అడుగు: పద్దెనిమిది నెలలు వెనక్కి లెక్కపెట్టడం

ఆగస్టులో విమానం ఎక్కాలంటే అంతకుముందు ఏడాది ఫిబ్రవరిలో పని మొదలుపెట్టాలి. ఫుల్‌బ్రైట్ ప్రకటనలు సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో వస్తాయి, మే నుంచి జూలై మధ్య గడువులు ముగుస్తాయి, బయలుదేరేది మరుసటి ఏడాది. మెక్స్ట్ పిలుపు ఏప్రిల్, మే నెలల్లో వస్తుంది. చీవ్‌నింగ్ ఆగస్టులో తెరిచి అక్టోబరు, నవంబరు నెలల్లో మూస్తారు. బ్రిటన్ నిధులతోనే నడిచే కామన్వెల్త్ స్కాలర్‌షిప్‌కు దాదాపు అదే కాలంలో రెండు చోట్ల దరఖాస్తు చేయాలి, ఒకటి కామన్వెల్త్ కమిషన్ పోర్టల్‌లో, రెండోది మన కేంద్ర విద్యా మంత్రిత్వ శాఖ పోర్టల్‌లో. రెండోది వదిలేసి మొదటిదాని జవాబు కోసం ఎదురుచూసినవారిని నేను చూశాను.

సంక్రాంతి నాటికి పథకం ఖరారు, ఉగాది నాటికి పత్రాలన్నీ సిద్ధం అన్న లెక్క పెట్టుకుంటే మన ఇళ్లలో గుర్తుంటుంది. గోడ క్యాలెండర్ మీద ఎర్ర సిరాతో గడువు తేదీ రాసి, దానికి సరిగ్గా నెల ముందు రోజున ఇంకో గుర్తు పెట్టండి. ఆ రెండో గుర్తే మీ అసలు గడువు.

మూడో అడుగు: పత్రాలలో పేరు, ఊరు, జిల్లా ఒకేలా ఉండేలా చూడడం

మన ప్రాంతపు అభ్యర్థులకు అన్నిటికంటే ఎక్కువ కాలం తినేసే పని ఇదే. ఉదాహరణకు ఒకరి పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా, అప్పలనాయుడు ఒకే మాటగా ఉంటుంది; ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, అప్పల, నాయుడు రెండు మాటలుగా ఉంటాయి; డిగ్రీ పట్టాలో ఇంటిపేరు చివరకు పోతుంది; ఇంగ్లీషు స్పెల్లింగు ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. మనకు ఇవన్నీ ఒకే మనిషి. దరఖాస్తు చూసే విదేశీ అధికారికి నలుగురు మనుషులు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిని ఖాళీగా వదిలేస్తే అమెరికా వీసాలో మన పేరంతా ఇంటిపేరు స్థానంలోకి పోయి, అసలు పేరు ఉండవలసిన చోట పేరు తెలియదని అర్థమిచ్చే మూడు అక్షరాలు అచ్చవుతాయి. ఆ తరువాత బ్యాంకు ఖాతా దగ్గర్నుంచి గుర్తింపు కార్డు వరకు ప్రతిచోటా చిక్కే.

కాబట్టి పదో తరగతి మెమోను మూలంగా పెట్టుకుని మిగిలిన పత్రాలను దానికి అనుగుణంగా సరిచేయించండి. మెమోలోనే తప్పుంటే చదివిన పాఠశాల ప్రధానోపాధ్యాయుని ద్వారా ప్రభుత్వ పరీక్షల విభాగానికి ప్రతిపాదన వెళ్లాలి, దానికి నెలలు పడుతుంది. అది తేలిన తరువాతే విశాఖపట్నం ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయ పరిధిలో దరఖాస్తు చేసుకోండి. సాధారణ పద్ధతిలో 36 పేజీల పాస్‌పోర్టుకు రుసుము 1,500 రూపాయలు. పోలీసు విచారణ సాధారణంగా దరఖాస్తులో ఇచ్చిన ప్రస్తుత చిరునామాకు వస్తుంది కాబట్టి, ఆ రోజుకు ఆ చిరునామాలో ఉండేలా చూసుకోవాలి.

జిల్లా పేరు కూడా తికమకకు కారణమవుతోంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు పాలకొండ, సీతంపేట శ్రీకాకుళం నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి, రాజాం విజయనగరంలోకి వెళ్లాయి. పాత కులధ్రువీకరణ పత్రంలో శ్రీకాకుళం, కొత్త ఆధార్‌లో మన్యం అని ఉంటే ఢిల్లీలో ఫైలు చూసే గుమస్తాకు అర్థం కాదు. కొత్త జిల్లా పేరుతో పత్రాన్ని సచివాలయంలో దరఖాస్తు చేసి తహసీల్దారు నుంచి మళ్లీ తీసుకోవడం ఉత్తమం. వీలు కాకపోతే పునర్విభజన సంగతి వివరిస్తూ ఒక పేజీ వివరణ జత చేయాలి. ఆదాయ ధ్రువీకరణ పత్రం ఆ ఆర్థిక సంవత్సరానిదే అడుగుతారు, కనుక మరీ ముందుగా తీసుకున్నా పనికిరాదు. గార మండలంలోని తీరగ్రామపు అమ్మాయి ఒకరు అన్నీ సిద్ధం చేసుకుని కూడా ఆదాయ పత్రం దగ్గర ఆగిపోయారు. తండ్రి గుజరాత్‌లోని వేరావల్ రేవులో బోట్ల మీద పనిచేస్తారు, ఆయన సంపాదనకు ఇక్కడ కాగితం లేదు. బోటు యజమాని చేత కూలి వివరం రాయించి వాట్సాప్‌లో తెప్పించి, పంచనామాతో పత్రం చేతికి వచ్చేసరికి ఐదు వారాలు పట్టింది. గడువుకు నెల ముందు మాత్రమే మొదలుపెట్టి ఉంటే ఆ ఏడు పోయేదే.

మార్కుల మెమోలు, ప్రొవిజనల్ సర్టిఫికెట్ (పీసీ), ఒరిజినల్ డిగ్రీ (ఓడీ), టీసీ అందరి దగ్గరా ఉంటాయి, విదేశీ సంస్థలు కోరేది మాత్రం విశ్వవిద్యాలయం ముద్రతో వచ్చే ట్రాన్‌స్క్రిప్ట్, అంటే అన్నేళ్ల మార్కులనూ ఒకేచోట చూపే పత్రం. ఎచ్చెర్ల విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడింది. అంతకుముందు శ్రీకాకుళం జిల్లా కళాశాలల్లో చదివినవారి పట్టా ఆంధ్ర విశ్వవిద్యాలయానిది. విజయనగరంలో ఇంజినీరింగ్ చదివినా, 2022లో గురజాడ విశ్వవిద్యాలయం ఏర్పడకముందు పట్టా పుచ్చుకున్నవారు కాకినాడ జేఎన్‌టీయూకు వెళ్లాలి. ఏ ముద్ర మీ పట్టా మీద ఉందో ఆ పరీక్షల విభాగానికే దరఖాస్తు పెట్టండి. జర్మనీకి వెళ్లేవారు దీనికితోడు ఏపీఎస్ ధ్రువీకరణ (మన పట్టాలు అసలైనవేనని జర్మనీ రాయబార కార్యాలయ విభాగం పరిశీలించి ఇచ్చే పత్రం) అడుగుతారా లేదా చూసుకోవాలి, 2022 నవంబరు నుంచి భారత విద్యార్థుల వీసాకు అది అవసరమవుతోంది.

నాలుగో అడుగు: ఆతిథ్య సంస్థనుంచి ఆహ్వాన లేఖ

పరిశోధన ఫెలోషిప్‌లలో సగం బలం ఈ ఒక్క కాగితంలో ఉంటుంది. మీ అంశంపై గత నాలుగైదేళ్లలో వచ్చిన వ్యాసాలు చదివి, వాటిలో మీ పనికి నిజంగా దగ్గరగా ఉన్న ముగ్గురు నలుగురు ప్రొఫెసర్లను ఎంచుకోండి. ఒకే ఈమెయిల్‌ను యాభై మందికి పంపితే ఒక్కరు కూడా జవాబివ్వరు. రెండు వందల మాటలు దాటకుండా, వారి ఏ వ్యాసం చదివారో, అందులో ఏ అంశం మీ పనికి ముడిపడిందో, ఎన్ని నెలలు రావాలనుకుంటున్నారో, ఖర్చు ఏ ప్రభుత్వ ఫెలోషిప్ భరిస్తుందో రాయండి. చివరి మాట చాలా అవసరం, ఎందుకంటే తమ నిధుల నుంచి డబ్బు ఇవ్వనక్కర్లేదని తెలిస్తేనే చాలామంది మిగతా ఉత్తరం చదువుతారు. మూడు వారాలు జవాబు రాకపోతే మర్యాదగా ఒకసారి గుర్తుచేయవచ్చు. లేఖ వచ్చాక దానిలో మీ పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉందో లేదో, పరిశోధన అంశం, వచ్చి వెళ్లే నెలలు, మీకు కల్పించే వసతులు, లెటర్‌హెడ్, సంతకం ఉన్నాయో లేదో చూసి, లోపముంటే వెంటనే సరిచేయించుకోండి.

ఐదో అడుగు: లక్ష్య వివరణ పత్రం (స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్) రాయడం

నా మొదటి దరఖాస్తు ఎందుకు తిరస్కరణకు గురైందో చెబితే ఈ అడుగు సులభంగా అర్థమవుతుంది. నేను మా ఉద్దానం ప్రాంతపు మూత్రపిండాల వ్యాధి మీద పనిచేయాలనుకున్నాను. మొదటి పేజీ అంతా ప్రపంచంలో ఆ వ్యాధి ఎంత విస్తరించిందో, అమెరికా విశ్వవిద్యాలయాలు ఎంత గొప్పవో రాశాను. ఉద్దానం అన్న మాట మూడో పేజీలో ఒక్కసారి వచ్చింది. అంతటి దరఖాస్తును ఏ దేశంలో ఏ ఊరివారైనా రాయగలరు.

రెండోసారి మొదటి వాక్యాన్నే కవిటి మండలంలో మొదలుపెట్టాను. కొబ్బరి, జీడితోటల్లో ఎండలో పనిచేసే మనిషి, అతను తాగే బోరు నీరు, మధుమేహం గానీ రక్తపోటు గానీ లేకుండానే పాడైపోతున్న మూత్రపిండాలు, దశాబ్దాలుగా పరిశోధనలు జరిగినా ఇదీ కారణమని ఇప్పటికీ తేలకపోవడం, ఇవి వరుసగా రాశాను. ఆ తరువాత శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలోని వరి రైతులలో, మధ్య అమెరికాలోని నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు కోతగాళ్లలో ఇలాంటి వ్యాధే కనిపిస్తోందని, ఆ కోతగాళ్లతో ఏళ్ల తరబడి పనిచేసిన బృందం వద్ద నేను నేర్చుకోవలసిన పద్ధతి ఫలానాదని, తిరిగివచ్చి కవిటి, సోంపేట, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో దాన్ని ఎలా ఉపయోగిస్తానని చెప్పాను. విషయం మారలేదు, మనిషి మారలేదు, మార్కులు మారలేదు. ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది.

ఎంపిక సంఘం చూసేవి మూడు ప్రశ్నలు: ఈ సమస్య నీకెలా తెలుసు, ఆ దేశానికే ఎందుకు వెళ్లాలి, తిరిగివచ్చి ఏం చేస్తావు. మన ప్రాంతంలో ఈ మూడింటికీ జవాబిచ్చే అంశాలకు కొదవ లేదు. పొందూరు ఖద్దరులో కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో ఏకడం ఇప్పటికీ చేతిపనిగానే సాగుతోంది. వస్త్ర పరిరక్షణ చదవాలనుకునే అమ్మాయి ఆ దవడను చేత్తో పట్టుకుని, సన్నటి పళ్ల మధ్య నుంచి దూది ఎలా జారుతుందో నాలుగు వాక్యాల్లో రాస్తే, ఆ నాలుగు వాక్యాలను ఇంకెవరూ రాయలేరు. భాషాశాస్త్రం వైపు వెళ్లేవారికి గిడుగు వెంకట రామమూర్తి సవరలతో కూర్చుని వారి భాష నేర్చి నమోదు చేసిన దారి మన ఇంటి ముందే ఉంది; సవర, గదబ భాషల మీద నేటి పద్ధతులతో చేయవలసిన పని ఎంతో మిగిలి ఉంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను జీడి, కొబ్బరి తోటలను నేలమట్టం చేసిన తీరు, తిరిగి నాటుకోవడానికి రైతు పడిన పాట్లు విపత్తు నిర్వహణకు, వ్యవసాయ ఆర్థికశాస్త్రానికి చక్కని అంశాలు. బొబ్బిలి వీణ, బుడితి ఇత్తడి, తేలినీలాపురం వలస పక్షులు, వేరావల్ వెళ్లే మత్స్యకారుల వలస, దేన్ని తీసుకున్నా మీరు కళ్లారా చూసిందై ఉండాలి.

రాసే పద్ధతి విషయంలో నా సలహా, ముందు తెలుగులో రాయండి. ఇంగ్లీషులో మొదలుపెడితే మనకు కంఠస్థం వచ్చిన పెద్ద పెద్ద మాటలే ముందు వస్తాయి. మీ సమస్యను ఏమీ చదువుకోని మేనమామకు చెబుతున్నట్టు రెండు పేజీలు తెలుగులో రాసి, ఆయనకు చదివి వినిపించి, ఎక్కడ ఆయన అర్థం కాలేదన్నారో అక్కడ సరిచేసి, ఆ తరువాత ఇంగ్లీషులోకి వెళ్లండి. అలా రాసిన ప్రతిని కనీసం నాలుగుసార్లు, మధ్యలో వారం వారం విరామమిచ్చి తిరగరాయాలి. కన్సల్టెన్సీలు అమ్మే నమూనాలు, అంతర్జాలంలో దొరికే నమూనాలు తీసుకోవద్దు. కాపీ రచన తేలితే ఫుల్‌బ్రైట్ వంటి సంస్థలు దరఖాస్తును నేరుగా పక్కన పెడతాయి.

చీవ్‌నింగ్ వ్యాసాలలో నాయకత్వం గురించి అడిగినప్పుడు మనవాళ్లు కళాశాల ఎన్నికలు, సన్మానాలు రాస్తారు. మీ మాట వల్ల ఏం మారిందో రాయడం మేలు. ఊళ్లో ముప్పై మంది తల్లుల చేత పిల్లలకు టీకాలు వేయించడం, మూసేయబోతున్న గ్రంథాలయాన్ని నిలబెట్టడం నాయకత్వమే.

ఆరో అడుగు: సిఫారసు లేఖలు

"నువ్వే రాసుకుని తీసుకురా, సంతకం పెడతాను" అని మన గురువులు ప్రేమతోనే అంటారు. వారికి తీరిక ఉండదు, మనమీద నమ్మకం ఉంటుంది. అయినా ఆ అవకాశాన్ని తీసుకోకండి, లక్ష్య పత్రం, సిఫారసు లేఖలు ఒకే చేతిరాతలా కనిపిస్తే ఎంపిక సంఘానికి ఇట్టే తెలిసిపోతుంది. దానికి బదులు ఆరు వారాల ముందే వెళ్లి, ఆయన దగ్గర మీరు చేసిన ప్రాజెక్టు పేరు, సంవత్సరం, వచ్చిన మార్కులు, మీ లక్ష్య పత్రం ప్రతి, చివరి తేదీ ఒకే కాగితం మీద ఇచ్చి, "మాస్టారూ, ఈ ప్రాజెక్టులో నేను చేసిన పని గురించి మీకు గుర్తున్నది మీ మాటల్లో రాస్తే చాలు" అని అడగండి. చాలా పథకాలలో లేఖను గురువులే పోర్టల్‌లోకి ఎక్కించాలి, వారికి వచ్చే లింకు స్పామ్‌లో పడిపోతుంది. వీలుంటే దగ్గర కూర్చుని ఆ లింకు తెరవడం వరకు సాయం చేసి, రాసే సమయానికి బయటకు వచ్చేయండి. కళాశాల పేరుతో ఉన్న అధికారిక ఈమెయిల్ ఉంటే దానికే విలువ ఎక్కువ.

ప్రభుత్వ ఉద్యోగులకు ఒక మాట

ప్రభుత్వ పాఠశాలల్లో, కళాశాలల్లో పనిచేసేవారు దరఖాస్తుకు ముందే శాఖ అనుమతి సంగతి చూసుకోవాలి. పాస్‌పోర్టుకు ఒక అనుమతి, దరఖాస్తు పంపడానికి మరొకటి, ఎంపికయ్యాక విదేశీ ప్రయాణానికి, సెలవుకు ఇంకొకటి కావాలి. ఫైలు పాఠశాల నుంచి జిల్లా విద్యాశాఖాధికారి ద్వారా పైకి వెళ్లి రావడానికి పట్టే కాలం మన చేతిలో ఉండదు, కాబట్టి ప్రకటన వచ్చిన వారంలోనే వినతిపత్రం ఇచ్చి, రసీదు నంబరు తీసుకుని, అనుమతించిన పథకాలకు ముందస్తు ప్రతిని నేరుగా పంపండి. అనుమతి ఆలస్యంగా వచ్చి, చేతికి వచ్చిన ఫెలోషిప్ వదులుకున్న ఉపాధ్యాయిని ఒకరు నాకు తెలుసు. ఆ ఫైలు మూడు నెలలు ఒకే బల్ల మీద ఉండిపోయింది.

ఏడో అడుగు: పంపడం, ఇంటర్వ్యూ

గడువు చివరి రోజున పంపవద్దు అని అందరూ చెబుతారు, మన తీరప్రాంతానికి ఆ మాట ఇంకా గట్టిగా వర్తిస్తుంది. చీవ్‌నింగ్, కామన్వెల్త్ గడువులు అక్టోబరు చుట్టూ పడతాయి, మన తుపానులూ అప్పుడే వస్తాయి. తిత్లీ తరువాత కొన్ని ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. విదేశీ కాలమానాన్ని కూడా లెక్క కట్టాలి. గ్రీన్‌విచ్ కాలమానంలో మధ్యాహ్నం 12 అంటే మనకు సాయంత్రం 5:30. పత్రాలన్నీ స్కాన్ చేసి, ఫైలు పేర్లలో మీ పేరు పెట్టి, ఒక ప్రతిని పెన్‌డ్రైవ్‌లో, మరొకటి ఈమెయిల్‌లో ఉంచండి. ఈ వ్యాసంలో చెప్పిన ప్రధాన పథకాలకు స్కాలర్‌షిప్ దరఖాస్తు రుసుము లేదు. ఎవరైనా రుసుము పేరిట డబ్బు అడిగితే అది మోసమే. విశ్వవిద్యాలయ ప్రవేశానికి, ఇంగ్లీషు పరీక్షకు మాత్రం మీరు చెల్లించవలసి రావచ్చు. చీవ్‌నింగ్ తనంతట తాను ఇంగ్లీషు పరీక్ష అడగకపోయినా విశ్వవిద్యాలయం అడుగుతుంది కాబట్టి దాన్ని వాయిదా వేయకండి.

ఇంటర్వ్యూలో ఇంగ్లీషు యాస గురించి భయపడవలసిన పని లేదు. ఆముదాలవలసలో ఉన్న శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో రాత్రి బండెక్కి సికింద్రాబాద్‌లో దిగిన రోజునే ఇంటర్వ్యూ పెట్టుకోకుండా ఒక రోజు ముందు చేరండి. ఆన్‌లైన్ అయితే నెట్ నిలకడగా ఉండే చోటు, జనరేటర్ ఉన్న చోటు ముందే చూసుకోండి. "మీ ఊరివాళ్లకు దీనివల్ల ఏమిటి లాభం" అన్న ప్రశ్న ఏదో రూపంలో తప్పకుండా వస్తుంది. దానికి ఒక ఊరి పేరు, ఒక సంస్థ పేరు, మొదటి ఆరు నెలల్లో చేసే ఒక పని చెప్పగలగాలి. తెలియనిది తెలియదని చెప్పడం వల్ల ఎవరి అవకాశమూ పోలేదు, తెలిసినట్టు మాట్లాడి దొరికిపోయినవారిది పోయింది.

ఎనిమిదో అడుగు: ఎంపికైన తరువాత

ఎంపిక లేఖను పండుగలా చూసుకుని పక్కన పెట్టకుండా ప్రతి షరతు చదవండి. ఫుల్‌బ్రైట్ ఫెలోలు వెళ్లే జే-1 వీసాకు, తిరిగివచ్చాక స్వదేశంలో రెండేళ్లు నివసించాలన్న నిబంధన ఉంది. అది నెరవేరే వరకు అమెరికాలో ఉద్యోగ వీసా గానీ శాశ్వత నివాసం గానీ దొరకదు. నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌లో పూచీకత్తు పత్రం రాసివ్వాలి, విశ్వవిద్యాలయాన్ని మధ్యలో మార్చుకోవడం కుదరదు. ఒకే చదువుకు రెండు ప్రభుత్వాల సొమ్ము తీసుకోకూడదు, రెండూ వస్తే ఒకదాన్ని రాతపూర్వకంగా వదులుకోవాలి. మొదటి విడత డబ్బు చేతికి అందే వరకు గడవడానికి కొంత సొమ్ము దగ్గర ఉంచుకోండి, ఎందుకంటే అక్కడ బ్యాంకు ఖాతా తెరవడానికే కొన్నాళ్లు పడుతుంది.

ఎంపిక కానివారు తిరస్కరణ లేఖ వచ్చిన వారంలోనే తమ లక్ష్య పత్రాన్ని తెరిచి, మొదటి పేజీలో తమ ఊరి పేరు ఎన్నో వరుసలో ఉందో చూడాలి. పత్రాలన్నీ సిద్ధంగా ఉంటాయి కాబట్టి రెండో ఏడు పని సగమే.

బయలుదేరే ముందు పాస్‌పోర్టు, వీసా, ఎంపిక లేఖ, పూచీకత్తు పత్రం, ట్రాన్‌స్క్రిప్ట్ల నకళ్లు ఒక ఫైలులో పెట్టి ఇంట్లో నమ్మకమైనవారికి అప్పగించండి. ఏ కాగితం ఏ కార్యాలయానిదో దాని మీద తెలుగులో రాసి అంటించండి, ఎందుకంటే ఆరు నెలల తరువాత ప్రగతి నివేదికతోపాటు ఏదో ఒక కాగితం అడిగినప్పుడు దాన్ని వెతికి పంపవలసింది మీ అమ్మో, తమ్ముడో.